గుర్రం దిగిన రౌతు

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందంటారు. బొమ్మ గీసేవాడికి నాలుగు కాళ్లూ తిప్పలే. సెలవు రోజుల్లో బాసరలో పిల్లలకు బొమ్మలు నేర్పుతుంటాను. ఏనుగునైనా ఒప్పిస్తారు గానీ, పరుగెత్తే గుర్రం దగ్గరికొచ్చేసరికి ముందు కాళ్లు ముందుకీ వెనక కాళ్లు వెనక్కీ చాపేసి గాల్లో పడుకోబెడతారు. నేను దిద్దను. పంతొమ్మిదో శతాబ్దపు యూరప్ చిత్రకారుల్లో హేమాహేమీలూ అలాగే వేశారు మరి. 1821లో వాళ్లలో ఒకడైన జెరికో వేసిన ఎప్సమ్ పందెం గుర్రాలన్నీ అలా ఎగిరేవే.

మెస్సోనియే అనే ఫ్రెంచి చిత్రకారుడికి ఈ కాళ్ల పిచ్చి మరీ ముదిరింది. ఇంటి ఆవరణలో చిన్న పట్టాలు వేయించుకుని, బండిలో కూర్చుని, పక్కనే దౌడు తీసే గుర్రాన్ని చూస్తూ గీసుకునేవాడు. నెపోలియన్ ముందు నుంచి అశ్వదళం దూసుకుపోయే ‘1807, ఫ్రీడ్‌లాండ్’ చిత్రం ఏళ్ల తరబడి సాగి 1875లో ముగిసింది. మూడేళ్లకే అమెరికాలో మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి తీసిన ఫొటోల్లో అసలు సంగతి తేలింది. గుర్రం నాలుగు కాళ్లూ నేల విడిచేది చాచినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడిచినప్పుడు.

నిజం తెలిసినంత మాత్రాన బొమ్మలు బాగుపడతాయా అంటే నాకు అనుమానమే. ఫ్రీడ్‌లాండ్‌లో కళ్లేలూ కవచాలూ లెక్క తప్పవు. రౌతుల్లో ఒక్కడి మొహమూ గుర్తుండదు.

జెరికో దారి వేరు. 1812లో, 21 ఏళ్ల వయసులో, ముందు కాళ్లెత్తిన గుర్రం మీద వెనక్కి తిరిగిన అధికారిని వేసి పేరు కొట్టేశాడు. ఆ ఏడాదే నెపోలియన్ సైన్యం రష్యాలో చితికిపోయింది. 1814లో అతను ప్రదర్శించిన చిత్రంలో గాయపడ్డ సిపాయి గుర్రం దిగేశాడు. ఒక చేత కళ్లెం పట్టి, కత్తిని ఊతకర్ర చేసుకుని, వాలులో దిగుతూ వెనక్కి చూస్తుంటాడు. గుర్రం అంతగా కుదరలేదు. మనిషి కుదిరాడు, చాలు.

మన సంస్థానపు రౌతుకూ అలాంటి రూపమే దక్కింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనాకు వెళ్లిన అశ్వదళ బ్రిగేడ్‌లో హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లు ఉన్నారు. బ్రిటిష్ శిల్పి లియొనార్డ్ జెన్నింగ్స్ చేసిన వాళ్ల కంచు విగ్రహాలు 1922 నుంచి ఢిల్లీలో ఉన్నాయి. సంస్థానానికొకడు చొప్పున ముగ్గురూ తమ కాళ్ల మీదే నిలబడ్డారు, గుర్రం ఊసే లేదు. ఆ చోటికి తీన్‌మూర్తి అన్న పేరు వాళ్ల వల్ల వచ్చిందే. ఢిల్లీ వెళ్తే కారులోంచి చూసి వచ్చేయకండి, దిగి చూడండి. ముగ్గురిలో ఒకడు మన హైదరాబాద్ లాన్సర్.