ఆపడం తెలిసిన చేయి

భద్రాచలం దాటి చర్ల వైపు అడవిలో కూంబింగ్‌కు వెళ్లే పోలీసు పార్టీల్లో జాగిలం కూడా ఉంటుంది. మందుపాతర వాసన తగిలితే తవ్వదు, మొరగదు, అక్కడే కదలకుండా కూర్చుంటుంది. ఆ కూర్చోవడాన్ని అందరూ మెచ్చుకుంటారు. దాని వెనక ఎవరూ పెద్దగా పట్టించుకోని పనితనం ఒకటుంది. ప్రాక్టీసు ఎప్పుడు ఆపాలో హ్యాండ్లర్‌కు తెలియడమే అది.

పోలీసు జాగిలాల శిక్షణలో అడ్డంకులు దాటించడం ముఖ్యమైన భాగం. దూకడానికి గోడ, అడ్డకర్ర, నడవడానికి సన్నటి చెక్క, దూరడానికి సొరంగం ఉంటాయి. 1978లో లండన్ క్రఫ్ట్స్ ప్రదర్శనలో ప్రేక్షకుల వినోదానికి మొదలైన అజిలిటీ పోటీల్లోనూ ఇంచుమించు ఇవే అడ్డంకులు. మన అడవిలో గోడకు బదులు కూలిన మద్దిచెట్టు, సొరంగానికి బదులు బండల సందు ఎదురవుతాయి. తెలంగాణ పోలీసు జాగిలాలు మొయినాబాద్‌లోని ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో, సీఆర్‌పీఎఫ్ జాగిలాలు బెంగళూరు దగ్గరి తరలు కేంద్రంలో తయారవుతాయి. హ్యాండ్లర్ కూడా కుక్కతో పాటే నెలల తరబడి నేర్చుకుంటాడు.

ఆరితేరిన హ్యాండ్లర్ గోడను చూడడు, కుక్కను చూస్తాడు. ముందు నాలుక. అది బాగా బయటికి వేలాడి, కొస వెడల్పయిందంటే ఒంట్లో వేడి పెరిగినట్టే. తర్వాత వెనక కాళ్లు. ఇందాక కర్రకు జానెడు ఎత్తున పోయిన కాలు ఇప్పుడు దాన్ని రాసుకుంటూ పోతుంది. గోడ దిగి చటుక్కున మలుపు తిరిగేది కాస్తా పెద్ద చుట్టు తిరిగొస్తుంది. ‘సిట్’ అన్నాక అరక్షణం ఆగి కూర్చుంటుంది. పనేమీ లేకపోయినా నేల వాసన చూస్తుంది, ఆవలిస్తుంది. తెచ్చిన బంతిని చేతికివ్వకుండా రెండడుగుల దూరంలోనే వదిలేసిందంటే అప్పటికే ఆలస్యమైంది. నేర్పున్నవాడు అంతదాకా రానివ్వడు, కాలు కర్రకు తగిలినప్పుడే లెక్క కట్టేస్తాడు.

ఇక్కడే అసలు కష్టం. బెల్జియన్ మాలినోయిస్ తనంతట తాను ఆగే జాతి కాదు, ఒళ్లు సహకరించకపోయినా బంతి కోసం మళ్లీ దూకుతుంది. ఆ ఉత్సాహాన్ని చూసి ‘ఇంకొక్కసారి’ అనుకోకుండా ఉండటానికి చాలా నిగ్రహం కావాలి. పైగా తప్పిన దూకుడు మీద ముగించకూడదు. అందుకే కర్రను బాగా కిందికి దించి, సులువుగా ఒక్కసారి దూకించి, బంతి విసిరి, మెడ నిమిరి ముగిస్తాడు. ఇంకా ఆడాలన్న కోరిక మిగిలుండగానే కుక్కను మైదానం నుంచి తీసుకెళ్తాడు. ఈ పనిలో ఇంతకంటే అందమైన ఘట్టం లేదని నా నమ్మకం.

ఈ ప్రాంతంలో ఇలా వేళకు ఆపడం సున్నితత్వం కాదు, అవసరం. కొత్తగూడెం, భద్రాచలంలో మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా పాదాల అడుగునే, ఒంటి వేడి తగ్గాలంటే రొప్పాల్సిందే. రొప్పుతున్నంతసేపూ ముక్కు సరిగా పనిచేయదు. అలిసిన జాగిలం మందుపాతర వాసన పట్టలేకపోతే వెనక నడిచేవాళ్ల ప్రాణాలకే ముప్పు.

హ్యాండ్లర్లు అనుభవంతో చేస్తున్నదానికి పరిశోధనల్లోనూ ఆధారం దొరికింది. 2011లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనంలో, రోజూ నేర్పిన బీగిల్ కుక్కల కంటే వారానికి ఒకటి రెండుసార్లు నేర్పినవి తక్కువ పాఠాల్లోనే పని నేర్చుకున్నాయి. 2017 నాటి మరో అధ్యయనంలో, పాఠం అయిన వెంటనే ఆడించిన లాబ్రడార్లు ఆడించనివాటి కంటే మర్నాడు తక్కువ ప్రయత్నాల్లో దాన్ని అందుకున్నాయి. చివర్లో విసిరే ఆ బంతి పాఠంలో భాగమే అన్నమాట.

హ్యాండ్లర్ ఎంత జాగ్రత్తగా ఉన్నా అడవి అన్నిటినీ అతని చేతిలో పెట్టదు. 2025 ఏప్రిల్‌లో మావోయిస్టుల కోసం సాగిన కర్రెగుట్టల ఆపరేషన్‌లో సీఆర్‌పీఎఫ్ జాగిలం రోలో తేనెటీగల దాడిలో చనిపోయింది. దానికి రెండేళ్లు. అలాంటి చోటికి పంపే ప్రాణిని మైదానంలోనే అలసిపోనివ్వకుండా కాపాడటం మాత్రం పూర్తిగా అతని చేతిలో పనే.

ఈసారి మీ ఊళ్లో పోలీసు జాగిలాల ప్రదర్శన జరిగితే మంటల వలయంలోంచి దూకే కుక్కకు చప్పట్లు కొట్టండి. ఆ దూకుడు అయ్యాక, జనం ఇంకోసారి అని అరుస్తున్నా పట్టించుకోకుండా కుక్కను నీళ్ల దగ్గరికి నడిపించే హ్యాండ్లర్ కనిపిస్తే, అతనికి ఇంకా గట్టిగా కొట్టండి.