బందరు పంతులు

సీమ నుంచి బందరుకు ఓడలెక్కి వచ్చినవాళ్ళలో చాలామందిది అద్దకం బట్టల బేరం. 1841లో వచ్చిన రాబర్ట్ నోబుల్‌ది సువార్త పని. కానీ 1843లో బడి పెట్టాక ఆయన పంతులుగానే మిగిలాడు. పంతులు పని తెలుసుగా: చెప్పిందే చెప్పడం, తప్పులు దిద్దడం, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టడం.

1852లో శిష్యులు ఐనాల భూషణం, మంచాల రత్నం బాప్తిస్మం పొందితే బడి ఖాళీ అయింది. నోబుల్ ఓపిక పడితే పిల్లలు మళ్ళీ వచ్చారు. ఆ ఇద్దరూ తరవాత పాదిరీలయ్యారు. బడిలో కులం కట్టుబాట్లకు నోబుల్ తలవంచడం మాత్రం నాకు మింగుడుపడదు.

1864 ఉప్పెన ఊరిని ఊడ్చేసింది. మరుసటేడు నోబుల్ బందరులోనే కన్నుమూశాడు. ఆయన బడే పెరిగి ఆయన పేరుతో కాలేజీ అయింది. ‘నోబుల్ కాలేజీలో చదివాం’ అని చెప్పుకున్నవాళ్ళలో పట్టాభి సీతారామయ్య ఒకరు.