దీపం లెక్క

కొత్తగూడెం బొగ్గుబాయి కార్మికుల ఇళ్లలో పొద్దున లేస్తే వినిపించే మాట మస్టర్, అంటే హాజరు. కూలి దాని మీదే కనక పడిందా లేదా అన్నదే అందరికీ ధ్యాస. బాయి భద్రత మాత్రం మస్టర్ పడే చోటికి పక్కనే ల్యాంప్ రూం కిటికీ దగ్గర మొదలవుతుంది. అదే యూనివర్సిటీల భద్రత గురించైతే, ఎక్కడ సమావేశం పెట్టినా కెమెరాలు ఎన్ని, గోడ ఎత్తెంత, గేటు దగ్గర ఎందరు అనే మూడు ముక్కలతో మాట అయిపోతుంది. అలా మాట్లాడేవాళ్లను ఒక షిఫ్టు మారే వేళ ఆ కిటికీ ముందు నిలబెట్టాలనిపిస్తుంది.

లోపల చార్జింగ్ రాక్‌లు. ప్రతి అరకూ ఒక నంబరు, ప్రతి నంబరుకూ ఒక మనిషి. బాయి దిగేవాడు నంబరు చెప్పి, టోపీకి తగిలించే లైటు, నడుముకు కట్టుకునే బ్యాటరీ తీసుకుంటాడు. అర ఖాళీ. పైకొచ్చి అప్పగిస్తాడు. అర నిండింది. షిఫ్టు ముగిసి చాలాసేపైనా ఒక్క అర బోసిగా ఉందంటే ల్యాంప్ రూం మనిషి ఊరుకోకూడదు, పైవాళ్లకు వెంటనే కబురు పంపాలి. ఏర్పాటు ఇంతే. దీని నేర్పంతా ఎక్కడుందంటే, లెక్క కోసమని ఎవరూ వేరే పని చెయ్యక్కర్లేదు. సంతకం పెట్టడం మరిచిపోవచ్చు, బద్ధకిస్తే ఒకరిది ఇంకొకరు గీకొచ్చు. దీపం లేనిదే ఆ చీకట్లో అడుగు పడదు, కాబట్టి దీపం మరిచేవాడు ఉండడు. మనిషి అవసరానికే లెక్కను కట్టేసిన ఆ బుర్ర ఎవరిదో గానీ, దండం పెట్టాలి.

దీనికి చట్టం దన్ను కూడా ఉంటూ వచ్చింది. 2025 దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం 48వ సెక్షన్ ప్రకారం, ఏ క్షణాన తెరిచి చూసినా ఆ క్షణాన భూగర్భంలో ఉన్న ప్రతి మనిషి పేరూ రిజిస్టరులో కనిపించాల్సి ఉండేది. రోజు చివర కూడిన మొత్తం చాలేది కాదు. 1989 నవంబరులో రాణిగంజ్ దగ్గర మహావీర్ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 71 మంది చిక్కుకుపోతే, ఆరుగురు పోగా 65 మందిని బోరు గుండా ఉక్కు గొట్టంలో ఒక్కొక్కరినే పైకి లాగారు. ఆ గొట్టంలో తానే కిందికి దిగిన ఇంజినీరు జస్వంత్ సింగ్ గిల్ అందరినీ పంపి, చివర తాను పైకొచ్చారు. కింద ఎందరున్నారో తెలిస్తేనే కదా ఆఖరి మనిషి ఎవరో తెలిసేది.

ఇక సర్దార్. బాయిని డిస్ట్రిక్టులుగా పంచి, ఒక్కోటీ ఒక సర్దార్ చేతిలో పెడతారు. షిఫ్టు మొదలయ్యే ముందే అతను తన డిస్ట్రిక్టంతా తిరిగి రావాలి. అతను చూడందే కార్మికుణ్ణి లోపలికి పోనివ్వరు. ఒక చెయ్యి పైబండకు ఆనించి, రెండో చేతిలోని కర్రతో తడతాడు. గట్టి బండ ఖంగుమంటుంది. విడిన బండ డొల్లగా పలుకుతుంది, అరచేతికి సన్నటి అదురు తగులుతుంది. చెవి మోసపోయినా చెయ్యి మోసపోదు. సేఫ్టీ ల్యాంపు వత్తిని బాగా తగ్గించి, మంట నెత్తిన నీలిరంగు కిరీటం లేస్తుందేమో చూస్తాడు. లేచిందంటే మీథేన్ ఉన్నట్టు. పని ఆగిన పాత గ్యాలరీల మూతికి కంచె ఉందో లేదో చూస్తాడు. చూసిందంతా రాసి సంతకం చేస్తాడు. డ్యూటీ దిగేటప్పుడు తర్వాత వచ్చేవాడికి అప్పజెప్పి గానీ కదలడు. బాయిలో ఏ జానెడు జాగా అయినా చూపించి ఇది ఎవరి జిమ్మా అంటే ఒక పేరు చెప్పగలగాలి.

ఊరంతా పరుచుకున్న యూనివర్సిటీకి లేనిది సరిగ్గా ఇదే. ఉస్మానియానే చూడండి. నిజాం కాలేజీ బషీర్‌బాగ్‌లో, సైన్స్ పీజీ కాలేజీ సైఫాబాద్‌లో, ఇంకో పీజీ కాలేజీ సికింద్రాబాద్‌లో. తార్నాక వైపు ప్రధాన ఆవరణ గుండా ఊరి రోడ్లే పోతుంటాయి. దాన్ని కోటలా మూసెయ్యడం కుదరదు, మూస్తే అది యూనివర్సిటీ కాదు కూడా. 2024 జనవరిలో సికింద్రాబాద్ పీజీ కాలేజీ అమ్మాయిల హాస్టల్లోకి రాత్రిపూట బయటివాళ్లు చొరబడ్డారు. వచ్చింది గేటు నుంచి కాదు, బాత్రూం కిటికీ నుంచి. అమ్మాయిలే ఒకణ్ణి పట్టుకుని, చున్నీలతో కట్టేసి పోలీసులకు అప్పజెప్పారు. వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకున్నవాళ్లు చాలామంది. నాకు మాత్రం ఆ కిటికీ మీదే మనసు పోయింది. సాయంత్రం ఒక మనిషి తిరిగి, తట్టి చూసి, చూశానని కాగితం మీద పేరు రాసే పద్ధతి ఉంటే, అదే కిటికీ మామూలు కిటికీగా మిగిలేది. కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది. సర్దార్ కర్ర జరగబోయేదాన్ని చెబుతుంది.

హాస్టళ్లలోనూ రిజిస్టరు ఉంటుందిగా అనొచ్చు. ఉంటుంది, ఎక్కువ చోట్ల అమ్మాయిలకు. అది వేళకు లోపలికి వచ్చారా లేదా అని చూసి తాళం వేసే పుస్తకం. రానివాళ్లకు జవాబు చెప్పుకునే బాధ్యత ఉంటుంది, వెతికే బాధ్యత ఎవరికీ ఉండదు. బాయిలో ఖాళీ అర కనపడితే ముందు మనిషిని వెతుకుతారు, సంజాయిషీ తర్వాత. బాయి నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటి కూడా ఉంది. 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ ఉద్యోగాల్లో ఆడవాళ్లు భూగర్భ గనుల్లోకి దిగడానికి అనుమతిచ్చింది. పొద్దున 6 నుంచి సాయంత్రం 7 లోపు, రాతపూర్వక సమ్మతితో, ముగ్గురికి తక్కువ కాకుండా. రాత్రిపూట లైబ్రరీ నుంచి హాస్టల్‌కు నడిచే పిల్లలకు ఆ ముగ్గురి నియమం ఎంత పనికొస్తుందో!

కొత్తగూడెంలో ఒకప్పటి స్కూల్ ఆఫ్ మైన్స్, తర్వాత కాకతీయ ఇంజినీరింగ్ కాలేజీ, 2025లో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. సర్దార్ విధులు పాఠంగా చదివే పిల్లలు అక్కడున్నారు, వాటిని రోజూ చేసే మనుషులు సింగరేణి బొగ్గుగనుల నిండా ఉన్నారు. క్లాసుకూ హాస్టల్‌కూ మధ్య దారికి సర్దార్ ఎవరన్న ప్రశ్నకు, అందరికంటే ముందు, ఆ యూనివర్సిటీ అయినా ఒక పేరు రాసిపెట్టొచ్చు.