వాద్యం, విక్రయం, స్త్రీ శ్రమ: ‘వాయులీనం’ కథ, బొబ్బిలి వీణ

ప్రపంచీకరణకూ స్త్రీల శ్రమకూ గల సంబంధాన్ని తెలుగు విమర్శ ఎక్కువగా వలస, కర్మాగారం, కూలిరేట్ల పరిధిలోనే చర్చించింది. వేతనం లేక, ‘పని’గా లెక్కకు రాని నైపుణ్యం ఆ పరిధిలో ఇమడలేదు. 1991 ఆర్థిక సంస్కరణలకు దశాబ్దాల ముందు వెలువడిన చాసో ‘వాయులీనం’ కథను ఈ దృష్టితో మళ్లీ చదవవలసి ఉంది.

కథ సుపరిచితమే. రాజ్యం జబ్బుపడుతుంది. వైద్యం ఖర్చు కోసం భర్త ఆమె వాయులీనాన్ని అమ్మి, మిగిలిన సొమ్ముతో ఆమెకే చీర తెస్తాడు. భర్తను దుర్మార్గుడిగా చిత్రించి ఉంటే కథ తేలిపోయేది. అతనిది అవసరం, అందులో ప్రేమ కూడా ఉంది. అందుకే అభియోగం వ్యక్తిని దాటి సంసారపు ఆర్థిక వ్యవస్థను తాకుతుంది. వాద్యం స్థానంలోకి చీర రావడంతో కళాకారిణి స్థానంలో ఇల్లాలు మిగిలింది. రూపాయల లెక్క సరిపోయింది. పోయినదానికి ఆ లెక్కలో పద్దు లేదు.

చాసో నివసించిన విజయనగరంలోనే 1919లో సంగీత కళాశాల ఏర్పడింది. అక్కడ అధ్యాపకులైన ద్వారం వెంకటస్వామినాయుడుకు అదే వాద్యం వృత్తి, కీర్తి. (అది ఐరోపా నుంచి వచ్చి మనదైన వాద్యం కావడం గమనార్హం.) రాజ్యం చేతిలో అది అవసరానికి అమ్ముకోదగిన ఇంటి సామాను మాత్రమే. తేడా ప్రతిభలో ఉందని కథ ఎక్కడా అనదు.

బొబ్బిలి సమీపాన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు పనస కర్రతో చేసే వీణ నేటి విపణిలో మరో మలుపు తిరిగింది. వాయించే వీణతో పాటు, బహూకరించేందుకు చేసే చిన్న వీణలకూ గిరాకీ వచ్చింది. ఇది కళకు అపచారమని తీర్పు చెప్పడం తేలిక. ఆ గిరాకీతో గడిచే ఇళ్లకు ఆ తీర్పు అక్కరకు రాదు.

ప్రశ్న వేరే చోట ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందానికి అనుగుణంగా మన దేశం 1999లో భౌగోళిక సూచికల చట్టం చేసింది. 2003 నుంచి అది అమలులో ఉంది. బొబ్బిలి వీణకూ ఆ గుర్తింపు లభించింది. చట్టం వస్తువునూ ఊరినీ రక్షిస్తుంది. ఇంటిలోపలి శ్రమ విభజన దాని విషయం కాదు. రాజ్యం భర్త వేసిన లెక్కలో లేని పద్దు ఇక్కడా లేదు. గొల్లపల్లి ఇళ్లలో స్త్రీల చేతులు ఏ దశలో, ఎంత పనిచేస్తున్నాయో తెలియాలంటే ఆ ఇళ్ల గడపలే తొక్కాలి.