గిన్నెలు కడుగు యంత్రము: పేరు చూడవలెనా, నీరు చూడవలెనా?

హైదరాబాదున హైటెక్ సిటీ చుట్టునున్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి కాపురములలో డిష్‌వాషరు, అనగా గిన్నెలు కడుగు యంత్రము, నేడు వింత వస్తువు కాదు. 2020లో కోవిడు వలన పనివారు రాలేకపోయినప్పుడు దీనికి గిరాకి హెచ్చినది. కొనబోవువారు సాధారణముగా అడుగునది ఒక్కటే: బాష్ మంచిదా, ఐ.ఎఫ్.బి. మంచిదా, సీమెన్స్ మంచిదా? ఈ ప్రశ్నలో ఒక లోపమున్నది. యంత్రము పనిచేయవలసిన నీటిని గూర్చి అందులో మాటయే లేదు.

రెండు వస్తువులను పోల్చునప్పుడు తక్కిన పరిస్థితులన్నియు సమానముగా నుండవలెనని శాస్త్రనియమము. ఒక యింట కృష్ణా, గోదావరి జలములు కుళాయిలో వచ్చును. పక్క యింట బోరునీరో, టాంకరు నీరో వాడుదురు. మొదటివారు తమ యంత్రమును మెచ్చుకొని, రెండవవారు తమ దానిని నిందించినచో, అది కంపెనీల తారతమ్యమా, నీళ్ళ తారతమ్యమా? తేల్చుటకు వీలులేదు. పైగా బాష్, సీమెన్స్ పేర్లతో వచ్చు ఈ యంత్రములు రెండును బి.ఎస్.హెచ్. అను ఒకే సంస్థవి. 2015 నుండి ఆ సంస్థ పూర్తిగా బాష్ వారిదే. పేర్ల పోలిక ఎంతవరకు నమ్మదగినదో దీనివలననే తెలియును.

కఠినజలమున కాల్షియం, మెగ్నీషియం లవణములు కరగియుండును. యంత్రములో నీరు 50 నుండి 70 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాగునప్పుడు కాల్షియం బైకార్బనేటు విడిపోయి, సున్నపు పొరగా హీటరుపై పేరుకొనును. నీరు చిమ్ము రంధ్రములు పూడిపోవును. గాజుగ్లాసులపై తెల్లని మచ్చలు దీనికి తొలి గుర్తు. ఈ పొర ముదురుటకు నెలలు పట్టును. కనుక కొన్న నెలకే చెప్పిన మెప్పుకోలు మన్నికకు సాక్ష్యము కాజాలదు.

దీనికి విరుగుడుగా అనేక యంత్రములలో అయాన్ మార్పిడి రెసిను నమర్చుదురు. అది కాల్షియమును పట్టుకొని సోడియమును విడుచును; ఉప్పునీటితో మరల శక్తి పొందును. కొనువారు చూడవలసిన అసలు అంకె ఇక్కడనే ఉన్నది. భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 10500 ప్రకారము త్రాగునీటి కాఠిన్యము, కాల్షియం కార్బనేటు లెక్కన, లీటరుకు 200 మిల్లీగ్రాములు మించరాదు. వేరు నీరు దొరకనిచోట 600 వరకు అనుమతి కలదు. యంత్రముతో వచ్చు పుస్తకములలో తరచు జర్మను డిగ్రీలుండును. ఒక డిగ్రీ సుమారు 17.8 మిల్లీగ్రాములు, అనగా 600 మిల్లీగ్రాములు దాదాపు 34 డిగ్రీలు. ఇంటి నీటి అంకె యంత్రపు హద్దును మించినచో, ఎంత పేరున్న యంత్రమైనను ఆ యింటికి తగదు.

విలువ కట్టుటలోను ఇట్టి పొరపాటే జరుగుచున్నది. దుకాణమున చెప్పిన ధర ఒక్కటే చూచుట చాలదు. దానికి ఉప్పు, డిటర్జెంటు, కరెంటు, మరమ్మతు ఖర్చులను కలిపి, వాడిన సంవత్సరములచే భాగించినప్పుడే నిజమైన ధర తేలును. కఠినజలమునకు ఉప్పు ఎక్కువ పట్టును. ఉప్పు మిగిల్చుకొనబోయినచో హీటరు పోవును.

నీటిని పరీక్షించుటకు పాఠశాల ప్రయోగశాలయే మొదటి మెట్టు. రెండు సీసాలలో సమానముగా కుళాయినీరు, వాననీరు పోసి, సబ్బుద్రావణము పదేసి చుక్కలు వేసి కుదిపినచో, కుళాయినీటి నురుగు ఎంత తగ్గినదో అంత కఠినమని ఎంచవచ్చును. సరియైన అంకెకు ఇ.డి.టి.ఎ.తో అంశమాపనము చేయింపవలెను. ఆ అంకె తెలిసిన పిమ్మటనే ‘ఏ కంపెనీ?’ అను ప్రశ్నకు అర్థముండును.