ఇంటి విమానములో ఇంజనును లేపుట

హైస్కూలు పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుండి విమానములు నడుపుట ఇప్పుడు మన బెజవాడలో వింత కాదు. తెరపై గన్నవరము రన్‌వే కనబడును, ఇంజన్లు లేచును, విమానము ఎగిరిపోవును. మైక్రోసాఫ్ట్ వారి ఫ్లయిట్ సిమ్యులేటరులో కంట్రోల్, ఈ అను రెండు మీటలను కలిపి నొక్కిన చాలును, ఇంజన్లు తమంతట తామే మొదలగును. కాని కొందరు పిల్లలు ఈ అడ్డదారికి ఒప్పుకొనరు. దీపములారి నిలిచియున్న విమానములో బ్యాటరీ స్విచ్చితో ఆరంభించి, ఒక్కొక్క మీటను తామే వేసి ఇంజనును లేపుదురు. ఇది కాలహరణమని ఇంటివారు విసుగుకొన్నను, భౌతికశాస్త్రము బోధించువాని కంటికి ఇందులో మంచి పాఠమొకటి కనబడుచున్నది. ఆ పాఠమును సిమ్యులేటరు ఎంత నిజముగా చెప్పుచున్నదో చూడవలెను.

ఉదాహరణకు బోయింగ్ 737-800ను తీసికొందము. 2022లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ వారు గన్నవరమునుండి షార్జాకు నడుప నారంభించినది ఈ తరగతి విమానమునే. దీని ఇంజనును లేపుటకు ముందు, తోకలోనున్న ఏపీయూ అను చిన్న టర్బైను నడచుచుండవలెను. దానినుండి వచ్చు ఒత్తిడిగాలి గొట్టముల గుండ పోయి, ఇంజనుకు అమర్చిన స్టార్టరును త్రిప్పును. ఆ గాలి వేరొకచోట ఖర్చు కాకుండుటకై లోపలిభాగమును చల్లబరచు యంత్రములను ముందుగా ఆపివేయుదురు. మే నెల మధ్యాహ్నము గన్నవరములో విమానమెక్కినవారికి ఈ రెండు మూడు నిమిషముల ఉక్క బాగుగా గుర్తుండును! స్టార్టరు త్రిప్పగా ఇంజను లోపలి ఇరుసు వేగమందుకొనును. ప్రమాణవేగములో అది ఎంత శాతమో ఎన్‌2 అను సూచిక చూపును. 25 శాతము వచ్చిన పిమ్మట పైలటు ఇంధనపు మీటను తెరచును. తెరచిన 10 సెకండ్లలోగా వెడలు వాయువుల ఉష్ణోగ్రత పెరుగుట కనబడవలెను. పెరిగి 725 సెంటిగ్రేడు డిగ్రీలను మాత్రము దాటరాదు. ఎన్‌2 56 శాతము చేరుసరికి స్టార్టరు తనంతట తాను విడిపోవును.

25 శాతము వరకు ఏల వేచియుండవలెను? డెల్టాలో పాత ఆయిల్ ఇంజనును హేండిలుతో త్రిప్పినవారికి దీని సమాధానము చేతులకే తెలియును. మొదట పైనున్న మీట నెత్తి, సిలిండరులో గాలి బిగియకుండ చేసి, బరువైన చక్రమును బలముగా త్రిప్పుదురు. చక్రము తగిన వేగమందుకొన్న పిమ్మటనే మీటను వదలుదురు. అప్పుడు ఇంజను అందుకొనును. తొందరపడినచో హేండిలు ఎదురు తన్నును. జెట్ ఇంజను ఎదురు తన్నదు గాని, అక్కడ తొందరకు ఫలము వేరొక విధముగా వచ్చును. ఇరుసు మెల్లగా తిరుగునప్పుడు లోనికి వచ్చు గాలి స్వల్పము. అంత కొద్ది గాలిలో ఇంధనము మండినచో, ఆ వేడిమిని పంచుకొని మోసికొని పోవు గాలి చాలక, టర్బైను రెక్కలు దానిని భరింపవలసి వచ్చును. దీనినే హాట్ స్టార్టు అందురు. రెక్కలు చెడినచో అయ్యెడి ఖర్చు సామాన్యమైనది కాదు. కనుకనే ఇటీవలి ఇంజన్లలో పైలటుతోపాటు ఒక కంప్యూటరు కూడ కావలి కాయుచుండును.

ఇక ఎండ సంగతి. 15 డిగ్రీల గాలి నిరపేక్ష ఉష్ణోగ్రత 288. 45 డిగ్రీల గాలిది 318. పీడనము మారనిచో సాంద్రత వీనికి విలోమానుపాతములో నుండును గనుక, మన మే నెల గాలి సాంద్రత ప్రమాణవాయువులో 0.906 వంతు మాత్రమే. అనగా తోకలోని ఏపీయూ పీల్చు గాలి బరువు తగ్గును; స్టార్టరు బలము తగ్గును; ఇరుసు వేగము మెల్లగా పెరుగును. ఎయిర్‌బస్ ఎ320 ఇంజన్లను మామూలుగా కంప్యూటరే లేపును. అయినను పైలటు స్వయముగా లేపుటకు దానిలో వేరొక స్విచ్చి ఉన్నది; తీవ్రమైన ఎండలో ఒత్తిడిగాలి చాలదని తోచినప్పుడు దానిని వాడుట కలదు. కాబట్టి ఇంజనును చేతితో లేపు పాఠములో గన్నవరము ఎండకు ముఖ్యమైన పాత్ర ఉండవలెను.

ఉన్నదా? నేను పరిశీలనకు తీసికొన్నది ఫ్లయిట్‌గేర్. ఇది 1997నుండి స్వచ్ఛంద కార్యకర్తలు పెంచుచు వచ్చిన సిమ్యులేటరు, ఉచితము. మిక్కిలి ముఖ్యమైన సంగతి, దీని మూలపాఠమును ఎవరైనను విప్పి చదువవచ్చును. దీనిలో పెక్కు విమానముల చలనమును లెక్కించునది జెఎస్‌బీసిమ్ అను భాగము. అందులో జెట్ ఇంజనుకు సంబంధించిన ప్రకరణమును డేవిడ్ కల్ప్ 2003లో వ్రాయ నారంభించెను.

పనుల వరుసను ఇది చక్కగా నేర్పును. స్టార్టరు లేనిదే ఇరుసు తిరగదు, ఇరుసు తిరగనిదే మంట అంటదు. కారణమడిగి, వెదకి, మరల ప్రయత్నించు అలవాటు పిల్లవానికి దీనివలన కలుగును. రెండు మీటల అడ్డదారికంటె ఇది ఎన్నో రెట్లు మేలు.

అయితే మేము ఒకనాడు వాతావరణమును 45 డిగ్రీలుగా వ్రాసి ఇంజనును లేపితిమి. పిమ్మట 5 డిగ్రీలుగా మార్చి మరల లేపితిమి. విద్యార్థి చేతిలోని స్టాప్‌వాచీ రెండుసార్లును ఒకే కాలము చూపినది. స్టార్టరు తిరుగుట ఆరంభమైన రెండు సెకండ్లకే ఇంధనపు మీట తెరచి చూచితిమి. శిక్ష లేదు! 15 శాతము వరకు ఇంజను ఓపికగా ఆగి, అటుపిమ్మట చల్లగా లేచినది.

కారణము మూలపాఠములో నున్నది. స్టార్టరు త్రిప్పునప్పుడు ఎన్‌2 సెకండుకు 3 శాతము చొప్పున పెరిగి 25.18 వద్ద నిలిచిపోవలెనని అందులో వ్రాసియున్నారు. నిజముగా ఆ నిలుకడ ఎట్లు కలుగును? స్టార్టరు బలము, గాలి నిరోధము సమమైనచోట ఇరుసు వేగము నిలుచును. ఆ చోటు దినదినమునకు మారును. ఇక్కడ అది రెండు దశాంశ స్థానముల వరకు ముందే నిర్ణయమైనది. మంట అంటిన పిమ్మట వేగము సెకండుకు 2 శాతము చొప్పున పెరుగును. స్టార్టరు ఒంటరిగా త్రిప్పునప్పుడు 3, టర్బైను తోడైనప్పుడు 2! వేగముతోపాటు నిరోధము కూడ పెరుగునని సమర్థింపవచ్చును గాని, ఈ అంకెలు ఆ లెక్కనుండి పుట్టినవి కావు. వెడలు వాయువుల ఉష్ణోగ్రత బయటి ఉష్ణోగ్రతకు 363.1 కలుపగా వచ్చునది. సెకండుకు 21.3 డిగ్రీల చొప్పున ఎక్కి, 17 సెకండ్లలో అచ్చటికి చేరి ఊరకుండును. 725 హద్దును చేరవలెనన్నను ఇది చేరజాలదు. ఎండ ప్రవేశించినది ఈ ఒక్క కూడికలో మాత్రమే.

ఆ కూడిక కూడ చర్చింపదగినది. 15 డిగ్రీల దినమున 378, 45 డిగ్రీల దినమున 408 వచ్చును. వాయు నియమములు చదివిన విద్యార్థి కూడిక చేయడు, నిష్పత్తి కట్టును. 378కి నిరపేక్ష ఉష్ణోగ్రత 651. దానిని 318/288తో హెచ్చించిన 719. అనగా 446 డిగ్రీలు. ఇదియు స్థూలమైన అంచనాయే, ఏలన నిజమైన ఇంజనులో నియంత్రణ యంత్రము వేగమును కొంత సర్దుచుండును. ఐనను 30 డిగ్రీల ఎండ బయట 30 డిగ్రీలుగానే వెడలుననుటకంటె ఇది నిజమునకు దగ్గర.

గ్రంథకర్తలకు అన్యాయము చేయరాదు. వారి లక్ష్యము విమానము ఎగురుట గాని ఇంజను లేచుట కాదు. 2015లో నాసావారు వివిధ సిమ్యులేటరుల గతిశాస్త్రపు లెక్కలను సరిపోల్చినప్పుడు జెఎస్‌బీసిమ్ కూడ వానిలో ఒకటిగా నుండెను. ఒక్కొక్క విమానమును తయారుచేయువారు తమ సొంత లెక్కలు చేర్చుకొనుటకును అవకాశమున్నది. 2018లో ఎక్స్‌-ప్లేన్ అను సిమ్యులేటరునకు వచ్చిన టీబీఎం 900 నమూనాలో తప్పుగా లేపిన ఇంజను చెడిపోయి, మరునాడు కూడ చెడియే యుండును. అది ధర పెట్టి కొనవలసినది. దాని లోపలి లెక్క మనకు కనబడదు. తరగతి గదికి నేను ఫ్లయిట్‌గేర్‌నే కోరుదును. తప్పు కంటికి కనబడుచోట పాఠము చెప్పుట సులభము.

మా విద్యార్థులిద్దరు ఆ మూలపాఠమును దిద్ద పూనుకొనిరి. 3ను, 25.18ని సాంద్రతా నిష్పత్తితో హెచ్చించిరి. 45 డిగ్రీల వద్ద ఎన్‌2 సెకండుకు 2.72 చొప్పున పెరిగి 22.8 వద్దనే నిలిచినది. గన్నవరము ఎండ మొదటిసారిగా సూచికపై కనబడినందుకు వారు సంతోషించిరి. పిమ్మట ఇంధనపు మీట తెరచి, వేడి హద్దు మీరునేమో యని చూచిరి. ఉష్ణోగ్రత ఎప్పటివలెనే 408కి పోయి నిలిచినది. ఆ ఉష్ణోగ్రతను లెక్కించు పంక్తిని వెదకి చూడగా, దానిలో ఎన్‌2 ప్రసక్తియే లేదు. ఇప్పుడు వారు ఆ పంక్తిని తిరుగ వ్రాయుచున్నారు.