వాడపిల్లవాని కథ: గలార్సా "బారియో బాయ్" గ్రంథవిమర్శనము

స్వీయచరిత్రమనగా బ్రసిద్ధుడు తన ప్రసిద్ధికి గల కారణములను లోకమునకు దెలుపుకొనుటయని సామాన్యముగా దలంపబడుచున్నది. ఈ లక్షణమును బట్టి చూచినచో, 1971లో నోటర్ డేమ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించిన "బారియో బాయ్" అను ఆంగ్లగ్రంథము స్వీయచరిత్రములలో జేరదు. దీని కర్త ఎర్నెస్టో గలార్సా (1905-1984). ఆయన మెక్సికోదేశమున జన్మించి, బాల్యముననే అమెరికా సంయుక్తరాష్ట్రములకు వలసవచ్చి, కొలంబియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమునొందెను. మెక్సికో విద్యుత్పరిశ్రమను గూర్చి 1941లో స్పానిషుభాషయందొక గ్రంథము వ్రాసెను. కాలిఫోర్నియా తోటలలోని కూలీలను సంఘములుగా గూర్చుటకై పెక్కేండ్లు పాటుపడెను. ఇట్టివాడు తన కథను ఉన్నతపాఠశాలలో జేరబోవు నాటికే ముగించినాడు. లోకము తన్నెఱుగుటకు హేతువైన కార్యమొక్కటియు నిందు లేదు. ఈ లోపము బుద్ధిపూర్వకమైనదా, కాదా, అయినచో దాని వలన గ్రంథమునకు గలిగిన లాభమెట్టిది యనునదియే ఇచట విచారింపదగిన విషయము.

"బారియో" యనగా వాడ, లేక పేట. గ్రంథనామము "వాడపిల్లవాడు" అని తెలుగున జెప్పవచ్చును. కాని కథ వాడలో నారంభము కాలేదు. నయారిత్ కొండలలో హల్కోకోతాన్ అనునొక పల్లె. దానికి వీధి యొక్కటే. భర్తతో విడిపోయిన తల్లి ఎన్రికేత తన సోదరియింట జేరి, అచటనే కుమారుని గనెను. ఆమె తమ్ములు గుస్తావో, హొసే అనువారు బాలునకు దండ్రి లేని లోటు దీర్చిరి. మొదటి భాగమంతయు ఈ పల్లెజీవనమే. పెంపుడుకోడి రాబందునెదిరించిన ఘట్టము మిక్కిలి హాస్యరసభరితము. జొన్నరొట్టె కాదు, మొక్కజొన్నరొట్టె, చిక్కుడుజాతి గింజలు, మిరప. ఈ మిరప అమెరికాఖండమున బుట్టి పోర్తుగీసువారి మూలమున వచ్చి ఆంధ్రుల వంటయింటిని స్వాధీనము చేసికొన్నదని స్మరించిన చదువరికి ఆ కొండపల్లె అంత దూరదేశముగా దోపదు.

ఇక నా కాలపు మెక్సికో చరిత్రము. 1876 మొదలు 1911 వరకు, నడుమ నాలుగేండ్లు తక్క, పోర్ఫిరియో దియాజ్ ఆ దేశము నేలెను. ఆయన యేలుబడికి వచ్చినపుడు దేశమున నించుమించు 640 కిలోమీటర్ల యినుపదారి యుండెను. 1910 నాటికి 19,000 కిలోమీటర్లకు మించినది. పరదేశపు ధనము గనులలోను, రైళ్లలోను బ్రవహించెను. 1883 నాటి శాసనమును బట్టి బంజరుభూములను గొలిచిన సంఘములకు గొలిచిన నేలలో మూడవవంతు బహుమానముగా లభించుచుండెను. బంజరని వ్రాయబడిన నేల పెక్కుచోట్ల పల్లెవారు తరతరములుగా దున్నుకొనుచున్నదే యగుట వలన, దేశము పెరిగినకొలది రైతు నేల తరిగెను. 1910లో విప్లవము చెలరేగెను. దీనిని ఆర్థికాభివృద్ధియని చరిత్రకారులు వ్రాయుదురు. ఆ మాట తప్పు కాదు. అభివృద్ధి యెవరికను ప్రశ్న మాత్రము మిగులును.

గలార్సా ఈ ప్రశ్నను బ్రశ్నగా వేయడు. ఆయన గ్రంథమున దియాజు పరిపాలనము పల్లెవీధిలోనికి గుఱ్ఱములపై వచ్చిన రక్షకభటుల రూపమున గనుపించును. విప్లవము, మేనమామలను బలవంతముగా సైన్యమున జేర్చుకొందురేమో యను తల్లిభయముగా గనుపించును. ఇనుపదారి, మామలకు గూలి దొరకు చోటుగా గనుపించును. ఈ యినుపదారి విషయమున గ్రంథకర్త చూపిన నేర్పు ప్రశంసింపదగినది. అమెరికాసంస్థ యొకటి పశ్చిమతీరము వెంబడి వేయించుచున్న దారిలో మామలు పనికి గుదిరిరి. పని యెక్కడికి సాగిన నక్కడికి వారు. వారు పిలిచిన చోటికి తల్లియు బిడ్డయు. తెపిక్, అకాపొనేత, మసత్లాన్ అను నూళ్లు ఒకదాని వెంట నొకటి గడచిపోవును. తుదకు వారా రైలెక్కియే నొగాలెస్ కడ సరిహద్దు దాటి, టూసన్ మీదుగా కాలిఫోర్నియాలోని సాక్రమెంటో నగరము జేరిరి. దేశసంపదను బైటికి గొనిపోవుటకు వేసిన దారియే దేశప్రజలను గూడ బైటికి గొనిపోయినదని యే యర్థశాస్త్రగ్రంథమైన నొక వాక్యమున జెప్పగలదు. ఇచట నా వాక్యము లేదు. రైలుపెట్టె మాత్రమున్నది, దానిలో మూటలున్నవి, తల్లి యొడిలో బిడ్డడున్నాడు.

వలసను సంఖ్యలతో జెప్పుట గలార్సాకు దెలియనిది కాదు. 1900 నాటి జనగణనము ప్రకారము సంయుక్తరాష్ట్రములలో మెక్సికోయందు జన్మించినవారు లక్షకు గొంచెము పైగా నుండిరి. 1930 నాటికి ఆరులక్షల నలువదివేలు దాటిరి. 1942 మొదలు 1964 వరకు రెండు ప్రభుత్వములు నడిపిన బ్రాసెరో ఒడంబడిక క్రింద దాదాపు నలువదియాఱు లక్షల కూలిపత్రములు వ్రాయబడినవి. ఆ యేర్పాటులోని యక్రమములను వెల్లడించుచు గలార్సా 1964లో "మర్చెంట్స్ ఆఫ్ లేబర్" అను గ్రంథము వెలువరించెను. పేరునకు "కూలి బేహారులు" అని యర్థము. రంగూనునకు గూలీలను గొనిపోయిన మేస్త్రీల కథ విన్న ఆంధ్రులకు ఆ శబ్దము యొక్క బరువు వేఱుగా విప్పిచెప్పనక్కఱ లేదు. ఆ గ్రంథము శాసనకర్తలకు నుద్దేశింపబడినది. "బారియో బాయ్" తన యింటివారికి జెప్పుకొన్న ముచ్చటలనుండి పుట్టినది. రెండును ఒక్క సత్యమునే చెప్పును. కాని మొదటిదానిని జదివినవాడు కూలీని లెక్కించును. రెండవదానిని జదివినవాడు వాని యింట గూర్చుండును. నలువదియాఱు లక్షలను సంఖ్య ఒక్కొక్కని వెనుక నొక్కొక్క యెన్రికేత యున్నదను నెఱుక కలిగినపుడే యర్థవంతమగును గనుక, రెండవదియే ముందు చదువదగినది.

ఎన్రికేతయే ఈ కథకు బ్రధానపాత్రము. బాలుడు కథకుడే గాని నాయకుడు కాడు. సామానులలో ఆమె కుట్టుయంత్రము ముఖ్యమైనది. చిన్నగదిలో ఆమె గుట్టుపని చేసి సంపాదించిన నాణెములును, మామల కూలియు గలిసియే ఆ కుటుంబమును నిలిపినవి. పేదరికమున గూడ ఆమె విడువని దొక్కటి యున్నది: మర్యాద. పెద్దలనెట్లు పలుకరింపవలెనో, అతిథి యెదుట నెట్లు కూర్చుండవలెనో, కుమారునకు బదేపదే నేర్పును. ఇచట భాషావిషయమొకటి పండితులకు రుచించును. స్పానిషుభాషలో సమానులను, చిన్నవారిని సంబోధించు సర్వనామము వేఱు, పెద్దలను సంబోధించునది వేఱు. పేరునకు ముందు "డాన్", "డోన్యా" యను గౌరవశబ్దములు చేరును. ఆంగ్లమున నీ భేదము లేదు. అందుచే గ్రంథకర్త పెక్కు స్పానిషుపదములనట్లే యుంచి, చివర నర్థపట్టికను జేర్చెను. ఆంగ్లమున నశించిన యీ మర్యాద, "నీవు", "మీరు", "గారు" గల తెలుగునకు మార్చినచో దిరిగి ప్రాణము దాల్చును. ఆంగ్లమూలముకంటె దెలుగనువాదమే రచయిత హృదయమునకు సమీపముగా నుండగల యరుదైన సందర్భమిది.

సాక్రమెంటోలో వారు దిగినది నదికి జేరువనున్న దిగువపేట. జపానీయులు, పోర్తుగీసులు, ఇటాలియనులు మొదలగువారెల్లరు నచట గాపురముండిరి. లింకన్ పాఠశాలలో బాలుని జేర్చిన దినము, ఉపాధ్యాయిని ఓర్పుతో నాంగ్లశబ్దములు పలికించిన తీరు, బడిలో నెవరి భాషను వారు మాటాడినందులకు దండింపబడకుండుట, పిల్లల పేర్లను వారి తల్లిదండ్రులు పలికినట్లే పలుకుటకు ఉపాధ్యాయినులు పడిన శ్రమ, ఇవి బడిపంతుళ్లందఱు జదువవలసిన పుటలు. చదువు వచ్చినకొలది బాలుడింటివారికిని ఇరుగుపొరుగువారికిని దుబాసీ యయ్యెను. అంగడిలో, కచ్చేరిలో పెద్దవారు మాటాడవలసిన మాటను బిడ్డడు మాటాడవలసివచ్చెను. భాష యెవనికి వచ్చునో వాడే యింటికి బెద్దయగుట వలసకుటుంబములన్నిట గలిగెడి విపర్యాసము. గలార్సా దీనిని దుఃఖముగా వర్ణింపలేదు. తన గౌరవముగా గూడ వర్ణింపలేదు. తల్లి యెదుట నున్నంతవఱకు దుబాసీకి దాను బిడ్డడనను జ్ఞానము తప్పలేదని మాత్రము కథనము వలన దెలియును.

పీఠికలో నాయన యొక వాదమును ఖండించెను. వలసవచ్చిన మెక్సికోవారు తమ్ముదాము గౌరవించుకొను శక్తిని గోల్పోయినారని మానసికశాస్త్రజ్ఞులును, మానవశాస్త్రజ్ఞులును జెప్పుచుండగా, తన యింటగాని తన వాడలోగాని యట్టిది తానెఱుగనని యాయన ప్రత్యుత్తరము. గ్రంథమంతయు నీ ప్రత్యుత్తరమునకు సాక్ష్యము. సాక్ష్యము బలమైనదే, కాని సంపూర్ణమని చెప్పుటకు వీలులేదు. ఆత్మగౌరవమును నిలుపుకొనలేకపోయినవాడు స్వీయచరిత్రము వ్రాయడు గదా. నిలిచినవాడు చెప్పిన మాట నిలువనివారి విషయమున బ్రమాణమెట్లగును? ఈ యాక్షేపమునకు గ్రంథమున సమాధానము దొరకదు. పైగా నడుమ నడుమ బాలుని కన్నులతో జూడవలసిన దృశ్యమును వయోవృద్ధుడైన యర్థశాస్త్రజ్ఞుడు వచ్చి వివరించుట కలదు. అట్టి తావులు కొలదియే యైనను, పల్లెవర్ణనమున గల సహజత్వమునకు భంగము కలిగించుచున్నవి.

1918 నాటి విషజ్వరము గుస్తావోను, వెంటనే ఎన్రికేతను గూడ గొనిపోయినది. కథానాయికయని చెప్పదగిన తల్లి మరణమును గ్రంథకర్త కొలది మాటలలో ముగించినాడు. విలాపము లేదు, స్మృతిపరంపర లేదు. కరుణరసమునకు దగిన యాలంబనమును సంపాదించియు బోషింపలేదని యాలంకారికులు దోషమెన్నవచ్చును. ఆ దోషారోపణము నిలువదు. పదుమూడేండ్ల బాలుడు, మిగిలిన యొక్క మేనమామతో నేలమాళిగ గదికి మకాము మార్చి, చదువును గూలియు నొకేమాఱు సాగింపవలసిన స్థితిలో విలపించుటకు దీరిక యెక్కడిది? ఆ తీరిక లేమియే ఇచట శోకమును వ్యంజింపజేయుచున్నది. ఇంతవఱకు బుటలు పుటలుగా మాటాడిన తల్లి కంఠము తటాలున వినరాకపోవుటను జదువరి తన చెవితో నెఱుగును. క్షేమేంద్రుడు చెప్పిన యౌచిత్యమునకు గ్రంథమునందలి యుదాహరణములలో నిది యుత్తమము.

కడపటి భాగమున గూలీల విడిదిలో జరిగిన సంగతి యొకటి. కాలువనీరు త్రాగి పిల్లలు జబ్బుపడిరి. ఒక పసికందు మరణించెను. ఆంగ్లము వచ్చినవాడు గనుక నీ బాలుని నగరమునకంపిరి. వలసవచ్చినవారి వసతులను విచారించు రాష్ట్రసంఘమునకు బెద్దయైన సైమన్ లూబిన్ వానిమాట విని, పరీక్షకు నధికారిని బంపుదుననియు, మీవారు సంఘముగా గూడినగాని మంచి వసతులు లభింపవనియు జెప్పెను. బాలుడు తిరిగివచ్చి యా మాటను గూలీలకు దెలిపెను. మేస్త్రీ వానిని బనినుండి తొలగించెను. ఇంటి దుబాసీ వాడకు దుబాసీ యయ్యెను, వాడ దుబాసీ కూలిజనమునకు దుబాసీ యయ్యెను. తరువాతి నలువదియేండ్ల పోరాటమున గలార్సా చేసినది యీ పనియే గాన, ప్రసిద్ధికి హేతువైన కార్యము గ్రంథమున లేదని మొదట జెప్పిన మాటను గొంత సవరింపవలసియున్నది. బీజమున్నది, వృక్షమును వర్ణింపలేదు. వృక్షమును వర్ణించియున్నచో దల్లియు, మామలును, పల్లెకోడియు నా నీడలో గనుమఱుగై యుండెడివారు.